రౌటరుకు పౌర సన్మానం

విజయనగరంలో గంటస్తంభం మొదలు కంటోన్మెంటు వరకు విండోస్ ఎక్స్‌పీ అనే పాతకాలపు సాఫ్ట్‌వేరుతోనే ఇంకా నెట్టుకొస్తున్న కంప్యూటర్లకు ప్రాణరక్షకులెవరని విచారించగా, అది యజమాని తెలివి కాదనీ, గడువు తీరిన యాంటీవైరస్ అసలే కాదనీ, టీవీ వెనుక దుమ్ము పట్టిన రౌటరు, అంటే వైఫై డబ్బా, అనీ తేలినందున, దానికి పౌర సన్మానం జరపాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి, 2020 జనవరి 14న విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సంస్థ భద్రతా సవరణలు ఆపివేసినా మనవారు చలించలేదు. డబ్బా మాత్రం తన పని మానలేదు. ఇంట్లోని యంత్రాలకు 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలిచ్చి, బయటికి ఒకే చిరునామా చూపుతుంది. లోపలినుంచి ఎవరు ఎవరిని పలకరించారో పట్టికలో రాసుకుని, వారి జవాబును మాత్రమే రానిస్తుంది. పిలవని పేరంటానికి వచ్చినదాన్ని వాకిట్లోనే వదిలేస్తుంది. 2003లో బ్లాస్టర్ అనే పురుగు (తనంతట తానే పాకే వైరస్), ఎవరూ ఏమీ నొక్కకుండానే, నెట్‌కు నేరుగా తగిలించిన కంప్యూటర్లలో చొరబడింది. అటువంటిది నేడు ఈ వాకిలి దాటడం కష్టం.

అయితే పిలిచి తెచ్చుకున్నదాన్ని ఆపే అధికారం పాపం డబ్బాకు లేదు. లాటరీ తగిలిందన్న మెయిల్‌ను తెరిచేది గృహస్థుడే, జిరాక్సు షాపులో తిరిగొచ్చిన పెన్‌డ్రైవును గుచ్చేదీ ఆయనే. డబ్బాకు అడ్మిన్ అన్న పాస్‌వర్డును, కొన్ననాటి జ్ఞాపకంగా కాబోలు, అలాగే ఉంచుతాడు. ఇంట్లోని యంత్రాలు అడిగినప్పుడల్లా డబ్బాలో బయటికి దారి తెరిచే యూపీఎన్‌పీ అనే సదుపాయం పనిచేస్తూ ఉంటే, కాపలా కోసం బిగించిన సీసీ కెమెరాయే లోపలినుంచి గడియ తీసిపెట్టగలదు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వనాక్రై అనే పురుగు, పొరుగున ఉన్న శ్రీకాకుళం సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లనే వదల్లేదు. అది ఒక యంత్రంలో దూరితే అదే నెట్‌వర్కులో ఉన్న పక్క యంత్రాలను వెతుక్కుంటుంది. అక్కడ వాకిట్లోని డబ్బా చేయగలిగేది దాదాపు శూన్యం. కనుక పాత కంప్యూటరును నెట్‌కు దూరంగా ఉంచాలని, అది కుదరకపోతే చుట్టాల ఫోన్లను ఇంటి యంత్రాలతో కలవనివ్వని గెస్ట్ నెట్‌వర్కులోకి మళ్లించాలని జాగ్రత్తపరులు సూచిస్తున్నారు. మొదటి సూచనను కరెంటు బిల్లు కట్టేదెలాగన్న ప్రశ్నతో కొట్టివేశాం. రెండవదాన్ని సూత్రప్రాయంగా ఆమోదించాం గానీ, పండక్కి వచ్చిన కొత్త అల్లుణ్ణి అతిథుల లెక్కలో వేస్తే వియ్యాలవారు ఏమంటారోనన్న ఆందోళన వ్యక్తమైనందున, అమలును సంక్రాంతి తరువాతకు వాయిదా వేశాం.