ఏడో తరం ప్రాసెసర్ చేసిన పాపమేమిటి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. మర్నాడు కూడా ఆ కంప్యూటర్లు ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి, బిల్లులు కొట్టాయి, ప్రింట్లు తీశాయి. అందుకే ఏం మారిందో చాలామందికి తెలియలేదు. మారిందల్లా, కొత్తగా బయటపడే లోపాలకు ప్యాచ్, అంటే వాటిని సరిచేసే అప్‌డేట్, ఇక మునుపటిలా దానంతటది ఉచితంగా రాదు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ ఇచ్చే అప్‌డేట్లతో విండోస్ 11లో ఏ లోపాన్ని సరిచేశారో చూసి, అదే లోపం 10లోనూ ఉందేమో వెతకడం దాడిచేసేవాళ్లకు తేలిక. విండోస్‌లోనే ఉండే డిఫెండర్ యాంటీవైరస్‌కు 2028 అక్టోబర్ దాకా అప్‌డేట్లు వస్తాయి గానీ, అది తెలిసిన దొంగను పట్టుకుంటుందే తప్ప గోడకు పడ్డ కన్నాన్ని పూడ్చదు.

మరి విండోస్ 11 వేసుకుంటే సరిపోతుంది కదా? ఇక్కడే నాకు అభ్యంతరం. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మదగ్గ కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌కు వీలుండాలి అన్న షరతుల్లో న్యాయం ఉంది. పాస్‌వర్డ్ తాళాలను హార్డ్‌వేర్‌లో దాచడం, బూట్ దశలోనే దొంగ కోడ్‌ను ఆపడం అవసరమే. కానీ ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి మాత్రమే (కొద్దిపాటి మినహాయింపులు తప్ప) అన్న గీతకు సరైన సాంకేతిక కారణం కనబడదు. ఏడో తరం ఐ5 7200యూ, ఎనిమిదో తరం ఐ5 8250యూ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ కేబీ లేక్ అనే డిజైన్ కుటుంబమే, రెండూ 14 నానోమీటర్ల తయారీవే. రెండోదానికి కోర్లు రెండు బదులు నాలుగు. అది విండోస్ 11 ఒప్పుకునే ప్రాసెసర్ల జాబితాలో ఉంది, మొదటిది లేదు.

విండోస్ కీలక భాగంలోకి దొంగ కోడ్ చొరబడకుండా చూసే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ వేగంగా నడవాలంటే ప్రాసెసర్‌లో ప్రత్యేక సదుపాయం కావాలన్నది నిజం. ఇంటెల్‌లో అది ఏడో తరం కేబీ లేక్ నుంచే ఉంది. ఏఎండీలో జెన్ 2 డిజైన్‌తో వచ్చింది. అంటే ఆ సదుపాయం ఉన్న ఏడో తరాన్ని బయట నిలబెట్టి, అది లేని, అంతకుముందు జెన్ ప్లస్ డిజైన్‌లోని రైజెన్ 2000ని లోపలికి రానిచ్చారు. భద్రతే కొలబద్ద అయితే ఈ లెక్క కుదరదు. చక్కగా పనిచేసే ల్యాప్‌టాప్‌ను ఇలాంటి గీత కోసం తుక్కు కింద అమ్మడం అన్యాయం.

అమ్మేముందు చూడాల్సినవి ఉన్నాయి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టండి. టీపీఎం లేదని వచ్చినంత మాత్రాన నమ్మొద్దు. ఎనిమిదో తరం, ఆపై మెషీన్లలో అది చాలాసార్లు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో, ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేర్లతో వెతికి ఆన్ చేయాలి. బయోస్‌లో చేయి పెట్టే ముందు డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేక డేటా మొత్తం పోగొట్టుకునే ప్రమాదం నిజంగా ఉంది. డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, సెక్యూర్ బూట్ కోసం లెగసీ (పాత తరహా) బూట్ తీసేయగానే విండోస్ లేవదు. ముందుగా బ్యాకప్ తీసి, ఎంబీఆర్‌2జీపీటీ కమాండ్‌తో మార్చి, ఆ తర్వాతే యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బూట్‌కు వెళ్లాలి.

జాబితాలో లేని మెషీన్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసి 11 ఎక్కించేవాళ్లూ ఉన్నారు. ఎక్కుతుంది. కాకపోతే ఏటా వచ్చే పెద్ద వెర్షన్ దానంతటది రాదు, ప్రతిసారీ చేత్తో వేసుకోవాలి. 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ప్రాసెసర్ ఆదేశాలు లేని కోర్ 2 డ్యుయో లాంటివి అసలు బూటే కావు. వ్యాపారం నడిచే కంప్యూటర్‌కు ఈ దారి నేను చెప్పను.

ఇంట్లో వాడే కంప్యూటర్‌కు పొడిగింపు అప్‌డేట్ల పథకం ఉంది. అందులో అప్‌డేట్లు వచ్చేది 2026 అక్టోబర్ 13 దాకా. విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోంచే చేరవచ్చు. 30 డాలర్లు కట్టడం ఒక దారి, విండోస్ బ్యాకప్‌తో సెట్టింగ్స్ సింక్ చేసి ఉచితంగా తీసుకోవడం ఇంకో దారి. ఉచితం ఎంచుకుంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను మాత్రం సింక్‌లో కలపకండి. ఆ ఫైళ్లు చేరే వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అది ఫొటోలతోనే నిండిపోతుంది.

అసలు పాత ల్యాప్‌టాప్ నత్తనడకకు ప్రాసెసర్ కంటే హార్డ్ డిస్కే ఎక్కువ కారణం. దాని బదులు 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేస్తే నాలుగో తరం ఐ5 కూడా బ్రౌజర్, యూట్యూబ్, ఆఫీస్ పనులను ఇబ్బంది లేకుండా లాగుతుంది. ర్యామ్ కొనే ముందు ఆ మోడల్‌కు డీడీఆర్3ఎల్ కావాలో డీడీఆర్4 కావాలో చూసుకోవాలి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు. అలాంటి మెషీన్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా నడుస్తుంది, దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెలుగు టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు అందులోనే దొరుకుతాయి. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవాళ్లు మాత్రం విండోస్‌ను వదలకండి. జిరాక్స్ షాపుల్లో తరచూ కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ కూడా లినక్స్‌లో మొండికేస్తుంది.

మన దగ్గర అన్నిటికంటే చిక్కు అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ సెంటర్లది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఏళ్ల తరబడి కూర్చిన పెళ్లి శుభలేఖలు, సంచికలు, పుస్తకాలు ఆ పాత కంప్యూటర్లలోనే ఉన్నాయి. విండోస్ 11కు 32 బిట్ వెర్షన్ లేదు. కాబట్టి 16 బిట్ ఇన్‌స్టాలర్‌తో వచ్చిన పాత సాఫ్ట్‌వేర్ చాలావరకు అందులో ఎక్కదు. అను ఫాంట్లు యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగును తెలుగుగానే చూపే ప్రామాణిక పద్ధతి, కాదు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనబడతాయి. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేసి కేవలం కంపోజింగ్‌కు ఉంచుకోవడం మంచి పద్ధతే, కాకపోతే బయటి పెన్‌డ్రైవ్‌లను ముందు వేరే మెషీన్‌లో స్కాన్ చేయాలి. ఈలోగా ముఖ్యమైన ఫైళ్లను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ ప్రతి కూడా తీసిపెట్టుకోండి. మార్చాక మధ్యలో ఉన్న ఇంగ్లీషు పదాలను తప్పకుండా సరిచూడండి. కన్వర్టర్ వాటినీ అను అక్షరాలే అనుకొని అర్థంలేని తెలుగుగా మార్చేస్తుంది.