ట్రివియల్ గారికి ఒక అప్రధానమైన ఉత్తరం

మహారాజశ్రీ ట్రివియల్ గారికి,

డిక్షనరీలో మీ పేరు పక్కన ‘పట్టించుకోనక్కర్లేని’ అని రాసి ఉంది. నిజమేననుకుని పట్టించుకోలేదు. అందుకే ఇవాళ ఈ ఉత్తరం.

మొన్న మా మేనేజర్ గారు నా రిపోర్టు చదివి నాలుగు చిన్న మార్పులు చెప్పారు. ‘స్మాల్’ అంటే బడిపిల్లాడి ఇంగ్లీషులా ఉంటుందని, ‘థ్యాంక్యూ ఫర్ యువర్ ట్రివియల్ సజెషన్స్’ అని మెయిల్ కొట్టాను. ‘నోటెడ్’ అని ఒక్క ముక్క జవాబొచ్చింది. పక్కన ఫుల్‌స్టాప్ కూడా. ఆ చుక్క కేసి ఎంతసేపు చూశానో నాకే తెలీదు. నా సలహాకు మిమ్మల్ని తగిలించుకుంటే వినయమట, ఆయన సలహాకు తగిలిస్తే పొగరట!

దిద్దుకుందామని మర్నాడు ‘ఐ యామ్ ఎ ట్రివియల్ పర్సన్’ అని వినయం ఒలకబోశాను. మీరు మనుషుల మీద పెద్దగా వాలరని అప్పుడే తెలిసింది. తప్పులు, గొడవలు, పనులు, ఖర్చులు... మీ కాపురమంతా వాటితోనే. చిల్లర బుద్ధికైతే ‘పెటీ’ ఉంది. చిల్లర ఖర్చుల డబ్బూ పెటీ క్యాషే. ఈ ఒక్కచోట తెలుగూ ఇంగ్లీషూ వియ్యంకుల్లా కుదిరాయి. స్వల్ప గాయాలకు ‘మైనర్’. లెక్కలోకి రానంత తక్కువైతే ‘నెగ్లిజిబుల్’. అదీ వాడాను లెండి, ‘ది లాస్ ఈజ్ నెగ్లిజెంట్’ అని. నష్టమే నిర్లక్ష్యంగా ఉందన్నమాట.

మీకంటే మా ‘ఆఫ్టరాల్’ నయం. ఆఫ్టరాల్ ఒక గుమాస్తా, ఆఫ్టరాల్ ఒక మెయిల్ అంటూ దేన్నైనా తీసిపారేసేవాళ్ళం. ఇంగ్లీషులో దానర్థం ‘ఎంతైనా’ అట. ఉన్న ఒక్క ఆసరా పోయింది.

మీ వంశం మాత్రం గొప్పదే. లాటిన్‌లో మూడు దారులు కలిసే చోటు ‘ట్రివియం’. మధ్యయుగపు యూరప్‌లో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం కలిపిన చదువుకూ అదే పేరు. వ్యాకరణం మీ ఇంట్లోదే అయ్యుండి నా వాక్యాన్ని గాలికొదిలేశారు చూడండి!

లెక్కల పుస్తకాల్లో మరీ అన్యాయం. ‘ప్రూఫ్ ఈజ్ ట్రివియల్’, అంటే నిరూపణ చాలా తేలిక అని రాసి పుస్తకం రాసినాయన నిద్రపోయాడు, నేను తెల్లవార్లూ కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్‌వాళ్ళు ‘నాన్ ట్రివియల్’, అంటే అంత తేలిక కాదు అన్నారంటే ఆదివారం గోవిందా.

వచ్చే వారం నా అప్రైజల్. నా పని గురించి రాసేటప్పుడు మా మేనేజర్ గారికి మీరు గుర్తు రాకుండా ఉంటే చాలు.

ఇట్లు,
ఆఫ్టరాల్ ఒక ఉద్యోగి