పండించిన చేతే పోసిచ్చే చోటు

హిందూపురం నుంచి గౌరీబిదనూరు మీదుగా దొడ్డబళ్లాపురం పోయే దారిలో, ఒక ఫిబ్రవరి ఉదయం మా ఆవిడా నేనూ ద్రాక్షతో వైన్ చేసే ఓ చిన్న వైనరీ ముందు ఆగాం. ముందురోజు ఫోన్ చేస్తే యజమాని ఒకే మాట చెప్పాడు: "పదకొండు లోపల రండి సార్, మధ్యాహ్నం నుంచి కోత ఉంది." మేం వెళ్లేసరికి ఆయనే క్రేట్లు దించుతున్నాడు. చేతులు కడుక్కొచ్చి, రేకుల షెడ్డుకు ఆనించి కట్టిన గదిలో బల్ల ముందు కూర్చోబెట్టి, గ్లాసులు తనే తుడిచి పెట్టాడు. పోసేటప్పుడు చూశాను, గోళ్ల చుట్టూ ఊదారంగు మరక అలాగే ఉంది. ఎన్ని కడుగులు కడిగినా పోయే మరక కాదది.

నాలుగు రకాలు, ఒక్కొక్కటి రెండు మూడు గుక్కలకు మించదు. మూడోది పోస్తూ ఆయన సగం తెలుగులో, సగం కన్నడంలో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఇది పోయినేటిది. కత్తిరింపు అయినాక వాన పట్టుకుంది, బూజు తెగులు తగిలి గుత్తులు సగం తీసి పారేసినాం. అందుకే పలచగా ఉంది. మీరు కొనేట్టయితే దీని ముందుటేడుది తీసుకోండి." తన సరుకులోని లోపాన్ని అడగకముందే చెప్పి, ఇది వద్దు అది కొనండి అనే అమ్మకందారును నేను చాలా ఏళ్లుగా చూడలేదు. అలా చెప్పగలిగాడంటే కారణం ఒక్కటే. ఆ వాన ఆయన మీద కురిసింది. ఆ గుత్తులు తీసి పారేసింది ఆయన చేతులే.

నేను పెరిగింది ద్రాక్ష పందిళ్ల కింద. బుక్కరాయసముద్రం దగ్గర మా మేనమామకు నాలుగెకరాల తోట ఉండేది. మొదట అనాబ్ రకం, తర్వాత థామ్సన్ రకం. మన వేడి నేలలో ద్రాక్షతీగకు చలికాలపు నిద్ర ఉండదు. అందుకే ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు: ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరులో కాయ కోసం. ఆ అక్టోబరు కత్తిరింపు తర్వాత మబ్బు పట్టిందంటే ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. పొద్దున ఒక మందు, సాయంత్రం ఒక మందు. ఇంత చేసి, పండు తయారయ్యాక బెంగళూరు వ్యాపారి వచ్చి ఒక గింజ నోట్లో వేసుకుని ఒక రేటు చెప్పి పోయేవాడు. రాత్రి లారీ ఎక్కిన తర్వాత ఆ ద్రాక్షకు ఊరూ లేదు, పేరూ లేదు. తిన్నవాడెవడో మామకు తెలియదు. ఏ ఏడాది పండు తియ్యగా ఉందో, ఏ ఏడాది ఎందుకు పులిసిందో చెప్పుకోవడానికి ఒక్క మనిషి తోటకు రాలేదు. పని ఒకటే, తెగులు ఒకటే, కత్తిరింపు నెల కూడా ఒకటే. దొడ్డబళ్లాపురం రైతుకు ఉన్నదీ మా మామకు లేనిదీ ఆ బల్ల, ఆ నాలుగు కుర్చీలు.

అందుకే ఈ చిన్న కుటుంబ వైనరీల గురించి రాస్తున్నాను. నా దృష్టిలో రుచి చూసే ఆ గది మందు తాగే చోటు కాదు, రైతు ఇంటి అరుగు. పండించినవాడు, తయారుచేసినవాడు, పోసిచ్చేవాడు, డబ్బు తీసుకునేవాడు ఒకే మనిషిగా నిలబడే చోటు అది. మన వ్యవసాయంలో ఆ నలుగురూ ఎప్పుడో విడిపోయారు.

ఇక్కడ మన భాషే మనకు అడ్డం వస్తుంది. అనంతపురంలోనైనా కర్నూలులోనైనా "వైన్ షాపు" అంటే బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టు. అందులో ద్రాక్షతో చేసిన వైన్ వెతికితే అడుగు అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి దొరకవచ్చు. విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, వైన్‌లో 11 నుంచి 14 శాతం. ఒకటి పెద్ద ఫ్యాక్టరీలో బట్టీ పట్టిన సరుకు, ఇంకొకటి పండు పులిసి తనంతట తాను మారిన రసం. రెండింటికీ ఒకే పేరు, ఒకే కిటికీ పెట్టేశాం. ఆ కిటికీలో నుంచి చూసేవాడికి వెనక ద్రాక్షతోట ఉందని ఎలా తోస్తుంది? అదే మనం తెలుగు బైబిల్లో ద్రాక్షారసం అని చదువుతాం, ఆయుర్వేద కొట్లో ద్రాక్షారిష్టం అని అడిగి కొంటాం. అక్కడ పండు పేరు పోలేదు.

పండించినవాడి అరుగు వేరు, కొట్టు వేరు అన్న సంగతిని బాగా అర్థం చేసుకున్న పాత శాసనం ఒకటుంది. వియన్నా పాలకుడు రెండో జోసెఫ్ చక్రవర్తి 1784లో ఒక ఉత్తర్వు ఇచ్చాడు. తాను సొంతంగా పండించి చేసుకున్న వైన్‌ను, పండ్లరసాన్ని ఎవరైనా ఏడాది పొడవునా, తనకు నచ్చిన ధరకు అమ్ముకోవచ్చు. ఆ ఉత్తర్వు బలమంతా "సొంతంగా" అన్న మాటలో ఉంది. పక్క ఊరి సరుకు తెచ్చి అమ్మితే ఆ హక్కు లేదు. ఇంట్లో కొత్త వైన్ ఉన్నప్పుడు రైతు తన గుమ్మానికి పచ్చని కొమ్మ ఒకటి వేలాడదీస్తాడు. దాన్ని చూసి జనం లోపలికి వస్తారు. అయిపోతే కొమ్మ తీసేస్తాడు. మామిడాకు తోరణం చూసి ఇంట్లో శుభకార్యం ఉందని తెలుసుకునే మనకు ఆ కొమ్మ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. వియన్నా చుట్టుపక్కల ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది.

మన దేశంలో ఈ కథ చాలా ఆలస్యంగా మొదలైంది. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చి, అక్కడి ద్రాక్షతో చేసే వైన్‌కు ఎక్సైజ్ సుంకంలో మినహాయింపు ఇచ్చింది. కర్ణాటక 2007లో తన విధానం ప్రకటించింది. నాసిక్‌లో 1999లో మొదలైన సులా అనే వైన్ కంపెనీ 2005లో రుచి చూసే గది తెరిచాక, జనం వైనరీకి విహారానికి వెళ్లవచ్చన్న ఆలోచన మన దేశంలో పుట్టింది. ఆ పెద్ద కంపెనీకి దగ్గర్లోనే, గంగాపూర్ జలాశయం పక్కన యార్క్ అని ఒక కుటుంబ వైనరీ వచ్చింది. ఆ పేరు వింటే ఇంగ్లండు ఊరు గుర్తొస్తుంది గానీ, అది ఆ ఇంటి ముగ్గురు పిల్లలు యోగిత, రవి, కైలాష్‌ల పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టింది. మన పల్లెల్లో ట్రాక్టరు మీద పిల్లల పేర్లు రాయించుకుంటారే, అదే ప్రేమ. 2021లో ఆ యార్క్‌ను సులా కొనేసింది. బల్ల వెనక ఇంటివాళ్లు నిలబడే చోట్లు ఇలా ఒక్కొక్కటే పెద్ద సంస్థల చేతికి పోతాయి. కొన్నవాళ్ల తప్పేమీ లేదు. వైన్ పని డబ్బును ఏళ్ల తరబడి పీపాలో కట్టిపడేస్తుంది. మొక్క నాటాక చెప్పుకోదగ్గ కాపు రావడానికి మూడేళ్లు, ఆ తర్వాత ఎర్ర వైన్ అయితే పీపాలో మరో ఏడాదో రెండేళ్లో. చిన్న కుటుంబం అంతకాలం ఊపిరి బిగపట్టుకుని ఉండలేదు, పక్కన నిలబడే చట్టం లేకపోతే.

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఉంటాడు. మేం వెళ్లినప్పుడు ఒక శనివారం పక్కనే ఉన్న లివర్‌మోర్ లోయకు తీసుకెళ్లాడు. అక్కడ వెంటీ కుటుంబం 1883లో మొదలుపెట్టిన తోట నేటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. అది ఇప్పుడు చాలా పెద్ద సంస్థ, కచేరీలూ విందులూ జరిగే చోటు. బాగుంది. కానీ నాకు నచ్చింది ఆ సాయంత్రం వెళ్లిన ఇంకొక చోటు, గ్యారేజీ అంత గది. ఒక పెద్దావిడ మాకు పోస్తూ, ఏ వరస తీగలు ఎవరు నాటారో కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది. ఇలాంటి చిన్నవాళ్ల మీద, అదే కాలిఫోర్నియాలో వైన్‌కు పేరుపడ్డ నాపా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) దశాబ్దాలుగా చర్చ నడుస్తోంది. ఆ కౌంటీ 1968లోనే తోట భూములను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. వైనరీలు విందు మందిరాలుగా మారిపోతున్నాయన్న భయంతో 1990లో ఒక నిబంధన తెచ్చింది: కొత్త వైనరీ వాడే ద్రాక్షలో 75 శాతమైనా ఆ కౌంటీలోనే పండాలి, సందర్శకులు ముందుగా చెప్పి రావాలి. ఆ నిబంధన భూమిని కాపాడింది. కానీ అనుమతుల ఖర్చు మోయలేక చిన్న రైతులే బయట మిగిలిపోయారు. చివరికి 2022లో మరీ చిన్న వైనరీల కోసం తేలికైన దారి వేరేగా తెరవాల్సి వచ్చింది. నియమాలు పెద్దవాడి కొలతకు కుట్టి చిన్నవాడికి తొడిగితే ఏమవుతుందో వాళ్లకు తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మనకు అంత కాలం అక్కర్లేదు.

మన జిల్లాల సంగతికి వస్తాను. అన్నిచోట్లా ఇది కుదరదు. కడప పల్లపు నేలల్లో రాత్రి కూడా వేడి తగ్గదు. వేడి రాత్రుల్లో గింజలోని పులుపు కరిగిపోతుంది, మిగిలేది ఉత్త తీపి. తినే పండుకు అది మేలు, వైన్‌కు చేటు. కానీ మడకశిర, హిందూపురం, లేపాక్షి వైపు నేల ఆరు వందల మీటర్లకు పైన ఉంటుంది, చలికాలపు రాత్రులు చల్లగా ఉంటాయి, వాన తక్కువ, నేల ఎర్రటి గరుసు. కర్ణాటక వైపు నంది కొండల తోటలు ఇంకా ఎత్తున ఉన్నాయి, నిజమే. అయినా మధ్యలో పెద్ద దూరం లేదు. సరిహద్దు రాయి దాటితే వైన్ ద్రాక్ష, ఇవతల టమాటా. ఒక సీసాకు కావలసింది కిలోకు కాస్త పైన ద్రాక్ష. ఆ కిలో లారీ ఎక్కితే రైతుకు వచ్చేది, అదే కిలో తన బల్ల మీద సీసాగా నిలబడితే వచ్చేది, ఈ రెండింటి మధ్య తేడా ఏ రైతుకైనా తెలుసు.

ఈ నేలకు ద్రాక్ష కొత్త కూడా కాదు. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి అంగడిలో ఒక పణానికి మూడు ద్రాక్ష గుత్తులు ఇస్తారని రాసుకున్నాడు. అదే హంపి దగ్గర ఇవాళ చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల వైనరీ ఉంది. మన తెలుగువాళ్లే. అయితే వాళ్లు ఔషధ పరిశ్రమ నడిపిన కుటుంబం, ఎదురుచూసే స్తోమత ఉంది. నా ఆలోచన నాలుగెకరాల మనిషి గురించి.

ఇక అసలైన అభ్యంతరం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సారా వ్యతిరేక ఉద్యమం మన రాష్ట్రంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల పట్టుదలతో రాజుకుంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. తాగుడు ఎన్ని ఇళ్లు కూల్చిందో రాయలసీమ పల్లెల్లో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. మా వీధిలోనే చూశాను. ఆరోగ్యానికి హాని చేయని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. వైన్ మంచిదని, గుండెకు మేలని చెప్పేవాళ్ల జాబితాలో నేను లేను.

అయినా ఈ గదులు రావాలంటున్నాను, గట్టి షరతులతో. సొంత తోట పండు తప్ప వేరేది పోయకూడదు. ఏడాదికి ఇన్ని లీటర్లని పరిమితి ఉండాలి. పొద్దు గుంకేలోపు తలుపు వేయాలి. ఊరి గ్రామసభలో ఆడవాళ్లు కూర్చుని సరే అంటేనే అనుమతి, వద్దంటే రద్దు. ఆ చివరి షరతు లేకపోతే ఈ ఆలోచనను మొదట వ్యతిరేకించేవాణ్ణి నేనే. తాగి పడిపోవాలనుకునేవాడు ముందురోజు ఫోన్ చేసి, రైతు ఎదుట కూర్చుని, వాన సంగతులు వింటూ రెండు గుక్కలు చప్పరించడానికి రాడు. అతనికి సందు చివర కొట్టు ఎప్పుడూ తెరిచే ఉంది. ఆ కొట్టుకు లైసెన్సు దొరికే తేలిక, పండించినవాడి అరుగుకు దొరకకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. వైన్ వద్దనుకునే ఇల్లు అదే బల్ల మీద తాజా రసం పోయవచ్చు, ఎండుద్రాక్ష పెట్టవచ్చు. గండికోట చూడ్డానికి, లేపాక్షి బసవన్న ముందు ఫొటో దిగడానికి బెంగళూరు నుంచి వచ్చే కార్లు మన జిల్లాల్లో పెట్రోలు కొట్టించుకుని, హైవే హోటల్లో తిని వెళ్లిపోతున్నాయి. ఆ కార్లలో పది ఒక తోట ముందు ఆగినా చాలు.

వెళ్లేవాళ్లకు నా అనుభవం కొద్దీ రెండు మాటలు. కోతల నెలల్లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా వెళ్తే పని కళ్లారా చూస్తారు, కానీ వాళ్ల సమయం తినకండి. సెంటు పూసుకుని వెళ్లొద్దు, పక్కవాడికి గ్లాసులో వాసన తెలియదు. రుచి చూసి ఉమ్మేయడానికి బల్ల మీద పాత్ర ఉంటుంది, ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు. మా ఆవిడ నాలుగూ రుచి చూసి నాలుగూ ఉమ్మింది, తిరుగు దారిలో బండి నడిపిందీ తనే. నచ్చితే ఒక సీసా కొనండి. ద్రాక్ష రకం పేరు అడిగే ముందు ఈ ఏడు వానలెలా ఉన్నాయని అడగండి. ఆ తర్వాత సంభాషణ దానంతటదే సాగుతుంది.

మేం కొన్న సీసాను రాష్ట్రం దాటించే పని పెట్టుకోకుండా యలహంకలో మిత్రుడికి ఇచ్చేశాం. ఆ ఆదివారం మామ దగ్గరికి వెళ్లి సంగతంతా చెప్పాను. ఆయన తోట పోయి పన్నెండేళ్లయింది, బోర్లు ఎండాక చీనీ (బత్తాయి) పెట్టాడు. పందిరి రాతి కూసాలు మాత్రం గట్టు మీద పేర్చి అలాగే ఉంచుకున్నాడు. జన్మలో మందు ముట్టని మనిషి. బల్ల గురించీ గ్లాసుల గురించీ నేను చెప్పిందంతా ఊకొడుతూ విని, ఒక్కటే అడిగాడు.

"బూజుకు ఏం కొట్టినాడంటప్పా?"

నాకు తెలియదన్నాను. ఆ యజమానికి ఫోన్ కలిపి మామ చేతికిచ్చాను. అత్త మజ్జిగ తెచ్చి పెట్టింది. గ్లాసు చెమట పట్టి, ఆరిపోయింది గానీ వాళ్లిద్దరి మాటలు మాత్రం తెగలేదు.