నేర్చుకునే గంటలూ డ్యూటీ గంటలే

ఉదయం ఏడింటికి అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద అప్పటికే రద్దీ ఉంటుంది. అందరూ బీటెక్ అయిపోయి ఊరి నుంచి వచ్చిన పిల్లలే కారు. చెంపలు నెరిసినవాళ్లు, కంపెనీ ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నవాళ్లు కూడా వెనక వరుసల్లో కనిపిస్తారు. తొమ్మిదిన్నరకి వాళ్లకు ఆఫీసులో మీటింగ్. ఈలోపు గంటన్నర క్లాసు విని, నోట్సు రాసుకుని మెట్రో పట్టుకోవాలి. నలభై దాటాక మళ్లీ చదువుకు కూర్చోవడం గొప్ప విషయమే. కాకపోతే వాళ్లలో చాలామందిని ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షనే అక్కడికి తెచ్చింది.

ఆ సందుల్లో వేలాడే ఫ్లెక్సీలు ఎలా మారుతూ వచ్చాయో చెబితే మన ఐటీ చరిత్ర చెప్పినట్టే. మెయిన్‌ఫ్రేమ్, జావా, డాట్‌నెట్, శాప్, టెస్టింగ్, డెవాప్స్, డేటా సైన్స్... ఇప్పుడు ఏ బోర్డు చూసినా ఏఐ. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజుల్లో ఉద్యోగంలో చేరినవారు ఇన్నేళ్లలో ఎన్నిసార్లు కొత్తగా అక్షరాభ్యాసం చేశారో వారికే తెలియాలి. అప్పట్లో కాస్త వెసులుబాటు ఉండేది. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకోటి వచ్చేదాకా బెంచ్ మీద కూర్చుని కొత్తది నేర్చుకునేవారు. 2025 జూన్‌లో టీసీఎస్ ఉద్యోగి ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో, అంటే క్లయింటు డబ్బు చెల్లించే పనిలో ఉండాలని, 35 రోజులకు మించి బెంచ్ మీద ఉండకూడదని నిబంధన తెచ్చింది. మరుసటి నెలలోనే సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని చెప్పింది. వారిలో ఎక్కువమంది మధ్య, పై స్థాయి ఉద్యోగులు. నేర్చుకోమని చెబుతూనే నేర్చుకునే రోజులు కోసేస్తే ఎలా?

ఉద్యోగులకూ ఒక మాట చెప్పాలి. టూల్ పేరు వెంట పరుగెత్తితే అలుపు తప్ప తృప్తి మిగలదు. బీమా క్లెయిముల ప్రాజెక్టులో పన్నెండేళ్లు టెస్టింగ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని చేసిన ఉద్యోగినిని ఊహించుకోండి. ఒకే ఆస్పత్రి బిల్లు రెండు తేదీలతో వస్తే సిస్టమ్ ఎక్కడ తికమక పడుతుందో, ఏ క్లెయిము తిరస్కరిస్తే ఏ రోగి డబ్బు ఆగిపోతుందో ఆమెకు తెలుసు. అది ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. ఏఐ నిమిషంలో వంద టెస్ట్ కేసులు రాసిస్తుంది. అసలు అవసరమైన నూట ఒకటోది అందులో లేదని పట్టుకునేది ఆమే. తీరా ఆమె రెజ్యూమె తీసి చూస్తే సెలీనియం, జీరా అంటూ టూల్స్ జాబితా తప్ప ఈ పన్నెండేళ్ల అనుభవం ఒక్క వాక్యంలోనూ కనిపించదు. కొత్త టూల్ తప్పకుండా నేర్చుకోవాలి. అయితే దాన్ని తనకు బాగా తెలిసిన పనికి జోడించి నేర్చుకోవాలి. ఆ పని వదిలేసి మళ్లీ ఫ్రెషర్‌లా వరుసలో నిలబడితే పన్నెండేళ్లూ బూడిదలో పోసినట్టే.

ఇదే అదనుగా కొన్నిచోట్ల డబ్బు కడితే లేని ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, ఇంటర్వ్యూకి మీ బదులు మేమే మాట్లాడతాం అంటున్నారు. ఇది మోసం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే కెరీర్ మొదట్లోనే మచ్చ పడుతుంది. పొలం తాకట్టు పెట్టి ఫీజు తెచ్చిన తల్లిదండ్రులకు ఆ సంగతి చివర్లో తెలుస్తుంది. పోలీసులు ఇలాంటి దందాలను చిన్న వ్యవహారమని వదిలేయకూడదు.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కేంద్ర కార్మిక చట్టంలో రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యం నేర్చుకునే) నిధి ఉంది. రిట్రెంచ్‌మెంట్ కింద, అంటే క్రమశిక్షణ చర్యగా కాకుండా తొలగించిన కార్మికుడి కోసం యజమాని 15 రోజుల వేతనం ఆ నిధికి జమ చేయాలి, అది 45 రోజుల్లో అతడి ఖాతాలో పడాలి. ఉద్దేశం మంచిదే. కానీ మేనేజర్ హోదాలో ఉన్నవారు, నెలకు 18 వేల రూపాయలు దాటి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు ఆ కోడ్ ప్రకారం కార్మికుల లెక్కలోకి రారు. ఐటీలో ఇప్పుడు ఎక్కువగా వేటు పడుతున్నది ఆ మధ్యస్థాయి వారి మీదే. పైగా ఉద్యోగం పోయాక ఇచ్చే 15 రోజుల జీతం ఒక నెల ఈఎంఐకి కూడా చాలదు.

తెలంగాణ ప్రభుత్వం 2024లో చట్టం చేసి యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీని పెట్టింది. అందులో యువతతో పాటు, పదిహేనేళ్ల సర్వీసు తర్వాత దారి మార్చుకోవాల్సి వచ్చిన వారికీ సీట్లు కేటాయించాలి. అసలు బాధ్యత మాత్రం కంపెనీలదే. వారానికి కనీసం నాలుగు గంటలు జీతంతో కూడిన శిక్షణ ఇవ్వాలని, ఆ గంటలను క్లయింటుకిచ్చే అంచనాల్లోనే చేర్చాలని మేము కోరుతున్నాం. అప్రైజల్‌లో మేనేజర్‌ని కూడా అడగాలి, తన టీమ్‌లో ఎందరికి ఆ నాలుగు గంటలు దొరికాయో.