కంపెనీ బిగించిన నిరసన

నిరసన ఎలా తెలపాలో తెలుగువాడికి ఇంకొకడు నేర్పనక్కర్లేదు. ఓపికుంటే టెంటు వేస్తాం, కోపమొస్తే దిష్టిబొమ్మ తగలబెడతాం, రెండూ కుదరకపోతే నల్ల బ్యాడ్జీ పెట్టుకుని డ్యూటీకి వెళ్తాం. అయితే ఇన్ని దశాబ్దాల ఉద్యమాల్లో ఎక్కడైనా, ఏ యాజమాన్యం మీద నిరసనో ఆ యాజమాన్యమే బ్యాడ్జీలు చేయించి, తన ఫ్యాక్టరీలోనే బిగించి, బిల్లులో కలిపి అమ్మిన సందర్భం ఉందా? అమెరికాలో ఆ ముచ్చటా తీరింది.

హెమీ అనే పెద్ద ఇంజినున్న 2026 మోడల్ రామ్ 1500 పికప్ ట్రక్కు ఎక్కడైనా ఆగి ఉంటే, దాని ఫెండర్, అంటే ముందు చక్రం పైనుండే రేకు, చూడండి. ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్లోంచి పొడుచుకొచ్చిన పొట్టేలు తల ఒకటి బిళ్ళగా కనిపిస్తుంది. దానికి రామ్ కంపెనీవారు పెట్టుకున్న పేరు ‘సింబల్ ఆఫ్ ప్రొటెస్ట్’, అంటే నిరసన చిహ్నం. నేను కల్పించడం లేదు. అంత ప్రతిభే ఉంటే ఈ కాలమ్ రాసుకుంటూ ఎందుకుంటాను, డెట్రాయిట్‌లో మార్కెటింగ్ ఉద్యోగం చేసుకునేవాణ్ణి.

ఇంతకీ ఎవరి మీద ఈ ప్రొటెస్టు? 2025 మోడల్‌కి రామ్ 1500లో 5.7 లీటర్ల హెమీ వీ8ని తీసేసి, 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి గాలి కుక్కే టర్బోలు రెండు తగిలించి ‘హరికేన్’ అని పెట్టారు. తీసింది రామ్. పెట్టింది రామ్. కొనేవాళ్ళు అలిగారు. 2025 జూన్‌లో ఆ సంస్థ అధిపతి టిమ్ కునిస్కిస్ తప్పు తమదేనని ఒప్పుకుని హెమీని వెనక్కి తెస్తున్నామన్నారు. ఇక్కడితో ఆగితే మర్యాదగానే ఉండేది. తప్పు చేసినవాడే ఆ తప్పు మీద ఉద్యమం లేవదీసి, ఉద్యమ చిహ్నాన్ని ట్రక్కుకి అతికించడం దగ్గరే నాకు కడుపు మండింది.

ఈ ధర్నా ఎలా జరిగి ఉంటుందో ఊహించుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కంపెనీ గేటు ముందు కంపెనీయే టెంటు వేసింది. కంపెనీ అధ్యక్షుడు కంపెనీ మెడలో దండ వేసి నిరాహార దీక్షలో కూర్చోబెట్టాడు. మొదటి రోజు కంపెనీ డౌన్ డౌన్ అని కంపెనీ నినాదాలిచ్చింది. రెండో రోజు కంపెనీ ప్రతినిధి బృందం కంపెనీని కలిసి వినతిపత్రం సమర్పించగా, కంపెనీ సానుకూలంగా స్పందించి, పరిశీలిస్తామని హామీ ఇచ్చింది. హామీతో తృప్తి పడని కంపెనీ వంటావార్పు చేపట్టింది. మూడో రోజు కంపెనీ ఆరోగ్యం క్షీణించిందని కంపెనీ డాక్టర్లు బులెటిన్ విడుదల చేశారు. ఇక లాభం లేదని కంపెనీయే స్వయంగా దీక్షా శిబిరానికి వచ్చి, కంపెనీకి నిమ్మరసం పట్టించి దీక్ష విరమింపజేసింది. చప్పట్లు. ఆ నిమ్మరసం ఖర్చు ట్రక్కు ధరలో కలిసింది. టెంటు గుడ్డ కూడా త్వరలో యాక్సెసరీగా అమ్మకానికి వస్తుందని నా అనుమానం.

ఇప్పుడు ఉద్యమ ఫలితం లెక్కేద్దాం. వద్దని తిట్టిన హరికేన్ టర్బో ఇంజిన్: 420 హార్స్‌పవర్, 469 పౌండ్-అడుగుల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). పోరాడి సాధించుకున్న హెమీ: 395, 410. అంటే బలం రెండు రకాలుగానూ తక్కువ. దానికి డబ్బు ఎక్కువ అడిగినా కట్టారు. హైవే మీద నింపాదిగా వెళ్తుంటే పెట్రోలు ఆదా కోసం ఆ ఎనిమిది సిలిండర్లలో నాలుగు పని మానేస్తాయి. అంటే ఎనిమిది కోసం పోరాడినవాడు దారి పొడుగునా నాలుగింటి మీదే ఇంటికి వెళ్తాడు. మిగతా నాలుగూ సమ్మెలో ఉన్నట్టు. ఈ ట్రక్కులో నిజంగా నిరసన తెలుపుతున్నది ఏదైనా ఉంటే ఆ నాలుగే.

టర్బో వర్గం వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు, వాళ్ళ దగ్గరకూ వస్తున్నాను. మా డాలస్ చుట్టుపక్కల, ప్లేనో, ఫ్రిస్కోల్లో, వారాంతం మేకమాంసం దగ్గర జరిగే చర్చల్లో ఇప్పుడు రాజకీయాలు వెనకబడ్డాయి. టొయోటా ఉత్తర అమెరికా కార్యాలయం ప్లేనోలోనే ఉంది కాబట్టి ఇంజిన్ల గురించి మాట్లాడే హక్కు తమకు జన్మతః వచ్చిందని మావాళ్ళ నమ్మకం.

“వీ8 గుండె చప్పుడే వేరు బావగారూ!”

“గుండె చప్పుడు వినాలంటే డాక్టర్ దగ్గరకెళ్ళండి. నాది ఫోర్డువాళ్ళ టర్బో, ఎకోబూస్ట్, 500 టార్క్. మీ ఐదు లీటర్ల వీ8కి 410.”

“డిస్‌ప్లేస్‌మెంట్‌కి, అదే ఇంజిన్ సైజుకి, రీప్లేస్‌మెంట్ లేదండీ. పెద్దలు ఊరికే అన్లేదు.”

ఈ పెద్దలు ఎవరో, గుంటూరువాళ్ళో డెట్రాయిట్‌వాళ్ళో, ఎవరూ అడగలేదు. నేను మాత్రం ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడిగాను. ఆ ఫోర్డు ఎఫ్-150 ట్రక్కు సరిగ్గా అమర్చుకుంటే 13,500 పౌండ్ల దాకా లాగుతుందట గదా, మీరు ఇప్పటిదాకా ఏం లాగారు? బావగారు కాసేపు ఆలోచించి, చలికాలం ముందు కరివేపాకు కుండీని పెరట్లోంచి గరాజ్‌లోకి మార్చానన్నారు. అదీ చేత్తోనే, ఎందుకంటే ట్రక్కు గరాజ్‌లో పట్టదు. రెండో ఆయన సోనా మసూరి బస్తా వేసుకొచ్చారట, కానీ వెనక ట్రే మీద కవర్ తీయడం పెద్ద పని కనక వెనక సీట్లో, బెల్టు పెట్టి. పడవ గానీ ట్రైలర్ గానీ కొందామంటే ఇంటి ముందు పెట్టడానికి కాలనీ సంఘం ఒప్పుకోదు.

నిజం చెప్పాలంటే టర్బోకి ఒక గొప్ప న్యాయమైన వాదన ఉంది. మామూలు ఇంజిన్ దేవుడిచ్చిన గాలి పీల్చుకుని బతుకుతుంది. కొండెక్కితే గాలి పలచబడుతుంది, ప్రతి వెయ్యి అడుగులకీ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. కొలరాడోలో ఐసెన్‌హవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంది. అక్కడికి చేరేసరికి టర్బో లేని ఇంజిన్లో మూడో వంతు ఆవిరైపోతుంది. టర్బో అయితే పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువులతోనే చక్రం తిప్పుకుని గాలిని లోపలికి కుక్కుతుంది కాబట్టి పెద్దగా తడబడదు. ఒప్పుకుంటాను. కానీ డాలస్‌లో మనం ఎక్కే అతి పెద్ద కొండ హై ఫైవ్ అనే ఫ్లైఓవర్ల కూడలి. అదీ పన్నెండంతస్తుల ఎత్తు.

ఇక పొదుపు. కొత్త బండి అద్దానికంటించే మైలేజీ స్టిక్కర్ మీద టర్బోకి గాలన్‌కి ఒక మైలు అటూ ఇటూ ఎక్కువ. ఖాళీగా పోతే అదీ నిజమే. వెనక బరువు తగిలించగానే టర్బో మేలుకుని, ఇంజిన్ వేడెక్కకుండా పెట్రోలు దట్టంగా పోసుకుంటుంది. ఎకో కావాలా బూస్ట్ కావాలా, రెండూ ఒకేసారి దొరకవని అమెరికన్లే జోకేసుకుంటారు. చప్పుడు సంగతి ఇంకా సిగ్గుచేటు. ఆరు సిలిండర్ల శబ్దం మగతనానికి సరిపోవడం లేదని ఎఫ్-150 ఎకోబూస్ట్‌లో స్పీకర్లలోంచి ఇంజిన్ చప్పుడు కలిపి వినిపించారు. లక్ష డాలర్లకి దగ్గరపడే ఖరీదైన ట్రిమ్‌లో కూర్చుని, రేడియోలోంచి వచ్చే గర్జనకి రోమాంచితులవడానికి చాలా సంస్కారం కావాలి.

ఇవన్నీ నవ్వుకునే విషయాలు. నవ్వు రాని విషయం ఒకటుంది.

2024 మేలో టొయోటా లక్షకు పైగా వాహనాల్ని, ఎక్కువగా 2022, 2023 టండ్రా ట్రక్కుల్ని, వెనక్కి పిలిచింది. 5.7 లీటర్ల పాత వీ8 తీసేసి పెట్టిన కొత్త జంట టర్బో ఇంజిన్లలో, తయారీ సమయంలో మిగిలిపోయిన లోహపు రజను బేరింగుల్లోకి చేరి ఇంజిన్ ఆగిపోతోందట. 2025 చివర్లో అదే కథతో ఇంకో లక్షా పాతికవేల పైచిలుకు. మొదటి రీకాల్‌కే వీ8 వర్గం పండగ చేసుకుంది, చూశారా టర్బో అని. ఆ పండగ ఏడాదైనా నిలవలేదు. 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ తన 6.2 లీటర్ల వీ8ని, ఒక్క టర్బో కూడా లేని, పెద్దలు మెచ్చిన వీ8ని, అమెరికాలోనే దాదాపు 6 లక్షల వాహనాల్లో రీకాల్ చేసింది. క్రాంక్‌షాఫ్ట్ లోపాలు, కనెక్టింగ్ రాడ్ బేరింగు లోపాలు.

ఆ రీకాల్ పరీక్షలో ఫెయిలైనవాటికి ఇంజిన్ బాగుచేయడమో మార్చడమో. పాసైనవాటికి ఏమిచ్చారో తెలుసా? 0డబ్ల్యు-20 బదులు చిక్కటి 0డబ్ల్యు-40 ఆయిల్, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ మూత. మూత! డెబ్భై వేల డాలర్ల బండి లోపల ఏముందో మాకూ పూర్తి నమ్మకం లేదు, మూత మాత్రం కొత్తది వేశాం, వెళ్ళిరండి అని.

దీన్ని టర్బో సిద్ధాంతం ఓడిందనో వీ8 సిద్ధాంతం ఓడిందనో వాదించేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇక్కడ ఓడింది సిద్ధాంతం కాదు. లోపల ఇనప రజను లేకుండా కడగడం, షాఫ్టు కొలత ప్రకారం చెయ్యడం, ఈ రెండు పనులూ మోటారు పరిశ్రమకి వందేళ్ళ కిందటే వచ్చు. వచ్చిన పని చెయ్యలేదు. నష్టపోయింది కరివేపాకు కుండీ బావగారు కాదు, ఆయనకి ఇంట్లో ఇంకో రెండు కార్లున్నాయి. వెనక గుర్రాల ట్రైలర్‌తోనో, గడ్డి కోసే యంత్రాలతోనో, వెల్డింగ్ సామానుతోనో డెబ్భై మైళ్ళ వేగంతో పోతుండగా ఇంజిన్ చచ్చిపోతే, ఆ మనిషి ప్రాణం ఎవడిది? వర్క్‌షాప్‌లో బండి పడి ఉన్నన్నాళ్ళూ నెల వాయిదా ఎవడు కడతాడు? ఆ రోజు కూలి? వీళ్ళ కోసం ఏ కంపెనీ ఏ బిళ్ళా చెయ్యలేదు, చెయ్యదు కూడా, ఎందుకంటే అది అమ్ముడుపోదు.

మైలేజీ నిబంధనల పీడ వల్లే ఈ చిన్న ఇంజిన్లు పెట్టాల్సి వచ్చిందని ఇంతకాలం అందరూ ఏడ్చారు. ఆ నిబంధనలు మీరినందుకు వేసే జరిమానాని 2025 జులైలో వచ్చిన చట్టం సున్నా చేసేసింది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. చూద్దాం, బేరింగులు బాగుపడతాయేమో.

మావాళ్ళలో మాత్రం ఏ మార్పూ లేదు. మొన్న మళ్ళీ మాంసం పొయ్యి మీదుండగానే రెండు వర్గాలయ్యాయి. ఈసారి గొడవ టర్బోనా వీ8నా అని కాదు, ఇరవై ఆయిలా నలభై ఆయిలా అని. బావగారు ఏ ట్రక్కుకైనా నలభై పొయ్యాల్సిందేనంటున్నారు. ఆయన ట్రక్కు ఫోర్డు.