అకూన్యా కన్నా టకర్ గాయమే ఎందుకు ఎక్కువ ముంచింది?

2024లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ మధ్యలో, మూడు వారాల వ్యవధిలో ముగ్గురు అగ్రశ్రేణి బ్యాటర్లు ఆటకు దూరమయ్యారు. మే 26న పిట్స్‌బర్గ్‌లో బేస్‌ల మధ్య పరుగెడుతూ అట్లాంటా బ్రేవ్స్ ఆటగాడు రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఎడమ మోకాలి లిగమెంటు తెంచుకున్నాడు. జూన్ 3న హ్యూస్టన్ ఆస్ట్రోస్ బ్యాటర్ కైల్ టకర్ కొట్టిన బంతే వచ్చి అతని కుడికాలి ముందు ఎముకకు తగిలింది. జూన్ 16న పిచర్ విసిరిన బంతి తగిలి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటగాడు మూకీ బెట్స్ ఎడమచేతి ఎముక విరిగింది. నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్లు కట్టి, వాళ్ల ఆట గణాంకాలతో పోటీపడే ఫ్యాంటసీ లీగుల్లో, వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టుల్లో, ఆ ఏడాది ముగ్గురికీ గిరాకీ విపరీతం. అకూన్యానైతే చాలా లీగుల్లో మొట్టమొదటి ఎంపికగానే తీసుకున్నారు.

ఫ్యాంటసీ జట్లు కట్టినవాళ్లను ఎవరి గాయం ఎక్కువ ముంచిందని అడిగితే చాలామంది అకూన్యా పేరే చెబుతారు. నా లెక్కలో మాత్రం టకర్.

డ్రీమ్11 తరహా ఆటకు అలవాటుపడిన మన పాఠకులకు ఇక్కడ ఒక తేడా చెప్పాలి. అక్కడ మ్యాచ్ ముగిస్తే జట్టు కథ ముగుస్తుంది. అమెరికాలో బాగా పాతుకుపోయిన ఫ్యాంటసీ బేస్‌బాల్ సీజన్ పొడవునా సాగుతుంది. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రూపమే నేటికీ దానికి పునాది. మార్చిలో ఎంచుకున్న జట్టును సెప్టెంబరు చివరిదాకా, ఒక్కో క్లబ్బు ఆడే 162 మ్యాచ్‌ల పొడవునా నడపాలి. లీగులో ఒకరి దగ్గరున్న ఆటగాడు ఇంకొకరికి దొరకడు. కాబట్టి గాయం ఒక రోజు నష్టంతో పోదు. దాన్ని నెలల తరబడి మోయాలి.

అకూన్యా సంగతి ఆ రోజే తేలిపోయింది. అతను ఇక ఆ ఏడాది ఆడడని క్లబ్బు వెంటనే ప్రకటించింది. 2023లో 41 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాంటివి), 73 స్టోలెన్ బేస్‌లతో (ఎవరూ బంతి కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్‌ను చేరడం) చరిత్ర సృష్టించినవాడు పోతే బాధ ఉంటుంది. అయితే ఆ సీజన్‌లో అప్పటికి ఆడిన 49 మ్యాచ్‌ల్లో అతని హోమ్ రన్లు నాలుగే. ఏడుపు ఒక రాత్రితో సరి. మర్నాడు ఉదయం అతన్ని వదిలేసి ఆ స్థానంలో మరొకరిని తెచ్చుకోవచ్చు, ఆలోచించాల్సిందేమీ లేదు. బెట్స్ విషయమూ దాదాపు అంతే. విరిగిన ఎముక అతుక్కోవడానికి ఎన్ని వారాలు పడుతుందో స్థూలంగా అంచనా వేయవచ్చు. ఎనిమిది వారాలు గడిచి ఆగస్టు 12న అతను తిరిగి వచ్చాడు. ఆ ఖాళీకి తగ్గట్టు ప్రణాళిక వేసుకున్న మేనేజర్, అంటే ఫ్యాంటసీ జట్టును నడిపేవాడు, పెద్దగా నష్టపోలేదు.

టకర్ కథే వేరు. 60 మ్యాచ్‌ల్లో 19 హోమ్ రన్లు కొట్టి జీవితంలోనే ఉత్తమ ఫామ్‌లో ఉన్న సమయమది. కాలు కమిలిందని మాత్రమే క్లబ్బు చెప్పి, అతన్ని పది రోజుల గాయాల జాబితాలో పెట్టింది. పది రోజులే కదా అనుకున్నారు అందరూ. జూన్ గడిచింది, జూలై గడిచింది, ఆగస్టూ గడిచింది. ప్రతి వారం ఏదో ఒక ఆశ: నడుస్తున్నాడు, బ్యాటు పట్టాడు, ఇంకా పరుగెత్తడం లేదు. చివరకు సెప్టెంబరు 6న ఆడాడు. అసలు ఎముకే విరిగిందన్న సంగతి ఆ సమయానికి గాని బయటపడలేదు.

ఆ మూడు నెలలు టకర్‌ను అట్టిపెట్టుకున్న మేనేజర్ పోగొట్టుకున్నది టకర్ హోమ్ రన్లు ఒక్కటే కాదు. జట్టులో ఒక స్థానాన్ని కూడా. ఫ్యాంటసీ జట్టులో ఆటగాళ్ల కన్నా స్థానాలే అరుదు. ఆటగాళ్లు వందల్లో ఉంటారు. గాయపడినవాళ్లను దాచుకునే చోట్లు చాలా లీగుల్లో రెండు మూడుకు మించవు. అవి నిండాక నాలుగోవాడు బెంచి మీద కూర్చుంటాడు. అతను కూర్చున్న ప్రతి వారం, ఆ చోట ఆడగలిగే మరొకరు పక్కవాడి జట్టులో చేరిపోతాడు. ఆ ఏడాది మే 11న పిట్స్‌బర్గ్ తరఫున తొలి మ్యాచ్ ఆడిన పిచర్ పాల్ స్కీన్స్ 1.96 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగుల లెక్క, ఎంత తక్కువైతే అంత మేలు) సీజన్ ముగించాడు. ఇలాంటివాళ్లను ముందుగా పట్టుకోవాలంటే చేతిలో ఒక ఖాళీ ఉండాలి. రేపో మాపో వస్తాడన్న ఆశ నింపేది సరిగ్గా ఆ ఖాళీనే.

అందుకే క్లబ్బుల ప్రకటనలను నేను పెద్దగా నమ్మను. వాళ్లు అబద్ధాలు చెబుతారని నా ఉద్దేశం కాదు. మన లీగు కోసం నిజం చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు. పది రోజుల జాబితా అంటే పది రోజుల్లో వస్తాడని కాదు, పది రోజులకు ముందు రాలేడని మాత్రమే. పిచర్లకైతే ఆ కనీస గడువు పదిహేను రోజులు. మాటల కన్నా కాగితాల మీద జరిగే మార్పులు ఎక్కువ చెబుతాయి. ఒకరిని అరవై రోజుల జాబితాకు మార్చారంటే క్లబ్బుకు తన నలభై మంది ప్రధాన ఆటగాళ్ల జాబితాలో చోటు కావాల్సి వచ్చింది, అతను ఇప్పట్లో రాడని వాళ్లకు తెలుసు. కింది స్థాయి మైనర్ లీగులో, కోలుకుంటున్నవాళ్లు ఆడే పునరావాస మ్యాచ్‌లకు పంపారంటే గడియారం మొదలైనట్టే. బ్యాటర్‌కు గరిష్ఠంగా ఇరవై రోజులు, పిచర్‌కు ముప్పై రోజులు. ఆ గడియారం మొదలయ్యేదాకా తిరిగి వచ్చే తేదీ అంటూ ఏదీ లేదనుకోవడమే మేలు.

పిచర్ల మోచేతి దగ్గర ఈ మాత్రం ఓపిక కూడా అక్కర్లేదు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ తొలిసారి పిచర్ టామీ జాన్‌కు చేసిన, అతని పేరుతోనే పిలిచే మోచేతి లిగమెంటు శస్త్రచికిత్స ఇప్పుడు మామూలు విషయమైపోయింది. కోలుకోవడానికి మాత్రం ఈనాటికీ ఏడాది, ఏడాదిన్నర పడుతోంది. ఆ పేరు వినబడగానే, ఏటా జట్టును కొత్తగా ఎంచుకునే లీగులో ఉన్నవాళ్లు అతన్ని వదిలేయాలి. వచ్చే ఏటికి ఆటగాళ్లను కొనసాగించే లీగులైతేనే లెక్క వేరు.

ఇక ట్రేడ్‌లు, అంటే ఫ్యాంటసీ జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడి. గాయపడిన ఆటగాడికి అన్ని జట్ల దగ్గరా ఒకే ధర ఉంటుందని అనుకోవడమే మధ్య సీజన్‌లో జరిగే పెద్ద పొరపాటు. జూన్ చివర్లో బెట్స్ అగ్రస్థానంలో ఉన్న జట్టుకు బంగారం. ఆ జట్టు రెండు నెలలు ఆగగలదు, సీజన్ చివర్లో పై జట్ల మధ్య జరిగే ప్లేఆఫ్స్‌లో అతన్ని ఆడించుకోగలదు. ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టుకు ఆ రెండు నెలలే సీజన్ మొత్తం. కింద ఉన్నవాడు బెట్స్‌ను ఇచ్చి ఇద్దరు నికరమైన ఆటగాళ్లను తీసుకోవాలి, పైనున్నవాడు సంతోషంగా ఇవ్వాలి. ఇద్దరూ బాగుపడే బేరం ఇది. అయినా అరుదుగా జరుగుతుంది. మార్చిలో మొదటి రౌండులో ఎంచుకున్నవాణ్ని జూన్‌లో ఇద్దరు మామూలు ఆటగాళ్లకు ఇచ్చేయడం పరువుతక్కువగా తోస్తుంది మరి.

టకర్ సెప్టెంబరులో విరుచుకుపడ్డాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. తిరిగి వచ్చాక ఆడిన 18 మ్యాచ్‌ల్లో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. అయితే వారం వారం ముఖాముఖి తలపడే లీగుల్లో ఆ ఫలం అందింది అప్పటికే ప్లేఆఫ్స్‌కు చేరిన జట్లకే. అంటే అతను లేకుండానే గెలవగలిగినవాళ్లకు.

గాయాలు పెరుగుతున్నాయంటూ లీగుల్లో గాయాల చోట్లు పెంచాలని కొందరు కోరుతున్నారు. నాకు అది రుచించదు. చోట్లు పెరిగితే ఎవరూ ఎవరినీ వదలరు, బయట దొరికేవాళ్లు తగ్గుతారు, తెలివిగా వదులుకున్నవాడికీ మొండిగా పట్టుకు కూర్చున్నవాడికీ తేడా చెరిగిపోతుంది. పెద్ద మొత్తాలతో నడిచే నేషనల్ ఫ్యాంటసీ బేస్‌బాల్ చాంపియన్‌షిప్‌లో గాయపడినవాళ్లకంటూ ప్రత్యేక స్థానమే లేదు. ఆడించేవాళ్లు 23 మంది, అదనంగా ఏడుగురు, అంతే. ట్రేడ్‌లు కూడా ఉండవు. టకర్‌ను ఉంచుకోవాలంటే ఆ ఏడింటిలో ఒకటి ఖర్చు చేయాలి. మామూలు లీగులు అంత కఠినంగా ఉండనక్కర్లేదు గాని, రెండు చోట్లు దాటితే మాత్రం లీగును నిర్వహించే కమిషనర్లు ఒప్పుకోకూడదు.