మెడలో గొట్టం ఉన్న బిడ్డకు మత్తు వల్ల ముప్పు లేదా?

ట్రకియాస్టమీ (ఊపిరి ఆడేందుకు మెడలో రంధ్రం చేసి శ్వాసనాళంలోకి గొట్టం అమర్చే ఆపరేషన్) జరిగిన పిల్లల తల్లిదండ్రుల మధ్య ఒక సందేశం విరివిగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘మెడలో గొట్టం ఉన్న బిడ్డకు ఊపిరి దారి ముందే సిద్ధంగా ఉంటుంది కనుక, శ్వాసనాళ పరీక్షకు ఇచ్చే మత్తులో ప్రమాదమే లేదు. గొట్టం ఊడినా మాస్కు పెట్టి ఊపిరి అందించవచ్చు. పరీక్ష కొద్ది నిమిషాలదే కాబట్టి ఖాళీ కడుపు నియమం అక్కర్లేదు. వేలికి ఆక్సీమీటరు ఉంటే చాలు.’ బెదిరిన తల్లికి ధైర్యం చెప్పాలన్న ఉద్దేశం మంచిదే కానీ, ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు.

మొదటి మాట పైకి సబబుగానే కనిపిస్తుంది. చేతికో కడుపుకో ఆపరేషన్ చేసేటప్పుడు ఆ గొట్టం మత్తు డాక్టరుకు నిజంగానే కొంత వెసులుబాటు. శ్వాసనాళ పరీక్షలో మాత్రం డాక్టరు చూడవలసిన చోటు, బిడ్డకు ఊపిరి ఆడవలసిన చోటు ఒకటే. గొట్టం చివర కండ పెరిగిందో లేదో చూడాలంటే కెమెరాను ఆ గొట్టంలోంచే పంపాలి, లేదా గొట్టాన్నే కాసేపు బయటికి తీయాలి. లోపలి వ్యాసం 3.5 మి.మీ. ఉన్న గొట్టంలోకి 2.8 మి.మీ. మందమున్న బ్రాంకోస్కోపు, అంటే ఆ కెమెరా గొట్టం, వెళ్తే, లోపలి జాగాలో 64 శాతం దానికే సరిపోతుంది. మిగిలిన సన్నని సందులోంచే బిడ్డ ఊపిరి తీయాలి, వదలాలి. పైగా కిలో బరువుకు లెక్కిస్తే పసిపిల్లల శరీరం పెద్దవారికంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ వాడుకుంటుంది, ఊపిరితిత్తుల్లో నిల్వ చూస్తే తక్కువ. అందుకే గాలి ఆడకపోతే వారు చాలా త్వరగా నీలబడతారు. మత్తు చాలకపోతే దగ్గు ముంచుకొస్తుంది, ఎక్కువైతే ఊపిరే ఆగుతుంది. నాళం గోడలు మెత్తబడి కూలుతున్నాయేమో తెలియాలంటే బిడ్డ తనంతట తాను ఊపిరి తీస్తూ ఉండాలి కాబట్టి, ఈ రెంటి మధ్య నిలిపి ఉంచడమే మత్తు డాక్టరు పనితనమంతా.

గొట్టం ఊడితే మాస్కు ఉందిగా అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన భరోసా. చాలామంది పిల్లలకు ట్రకియాస్టమీ చేసిందే స్వరపేటిక కింద దారి ఇరుకైపోయినందుకు; అలాంటి బిడ్డకు మాస్కుతో ఇచ్చిన గాలి కిందికి దిగకపోవచ్చు. దిగినా మెడలోని రంధ్రాన్ని మూయకపోతే అక్కడినుంచే పోతుంది. రంధ్రం చేసి వారం కూడా కాకపోతే దారి ఇంకా గట్టిపడి ఉండదు, తిరిగి పెట్టబోయిన గొట్టం పక్క కండలోకి దూరవచ్చు. అదే కొలత గొట్టం ఒకటి, అంతకంటే చిన్నది ఒకటి, కఫం లాగేసే సక్షన్ పైపు చేతికందేలా పెట్టుకున్నాకే పరీక్ష మొదలుపెట్టేది ఇందుకే.

ఖాళీ కడుపు నియమం గొట్టం ఉన్నా తప్పదు. కఫ్ (గొట్టం చుట్టూ గాలితో ఉబ్బి సందును మూసే బుడగ) లేని గొట్టం పక్కనుంచి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి జారగలదు, కఫ్ ఉన్నా పూర్తిగా ఆగదు. ఘనాహారానికి 6 గంటలు, తల్లిపాలకు సాధారణంగా 3 నుంచి 4, మంచినీళ్లకు 1 నుంచి 2 గంటల విరామం పాటిస్తారు. అలాగని రాత్రినుంచి నీళ్లు కూడా మాన్పించడం మరో పొరపాటు. ఒంట్లో నీరు తగ్గితే కఫం చిక్కబడి గొట్టానికే అడ్డుపడుతుంది.

ఇక ఆక్సీమీటరు చెప్పేది ఆలస్యపు వార్త. ముందుగా ఆక్సిజన్ పట్టించిన బిడ్డకు గాలి ఆగిన తరువాత కూడా కొంతసేపు అంకె తగ్గదు. ఊపిరి ఊపిరికీ కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే క్యాప్నోగ్రాఫ్‌లో ఆ గీత చదునైతే గొట్టం ఊడిందనో మూసుకుందనో వెంటనే అనుమానించవచ్చు.

ఇదంతా చెప్పింది పరీక్ష మానుకోమని కాదు. కండ పెరిగిన సంగతి ఆలస్యంగా తెలిస్తే నష్టం పెద్దది. గొట్టం కొలత, చివరిసారి మార్చిన తేదీ, ఇటీవల జలుబు చేసిందా, కఫం రంగు మారిందా అన్నవి డాక్టరుకు ముందే చెప్పాలి. మాట్లాడేందుకు వాడే వాల్వు ఉంటే తప్పక చూపించాలి: అది గాలిని గొట్టంలోంచి లోపలికే రానిస్తుంది, బయటికి పోనివ్వదు, కాబట్టి మత్తుకు ముందే దాన్ని తీసేయాలి.